గడ్డి మొండికేస్తే మన్ను నిలవదు

మల్దకల్ నుంచి అయిజ పోయే దారిలో రోడ్డు పక్కనే ఒక పత్తి చేను. నాలుగెకరాల ఎర్ర చల్క. పైన మిట్ట, కింద చిన్న వాగు. రాత్రి గంటసేపు దంచికొట్టిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. బండి ఆపి చూస్తే చేనంతా పిల్లకాలువలు. మొక్కల మొదళ్ల కాడ మన్ను లేచిపోయి వేర్లు బయటపడ్డాయి. వాగు ఒడ్డున మోకాటి లోతు ఎర్ర మేట. ఇంత జరిగినా సాళ్ల మధ్య తుంగ, వెన్నదేవి మాత్రం పచ్చగా కళకళలాడుతున్నాయి.

గట్టు మీద కూచున్న పెద్దాయన నన్ను చూసి లేవలేదు. "రెండు మాట్లు గడ్డి మందు కొడ్తిమి సారూ. సావలే. చిన్న ట్రాక్టరు కట్టించి సాళ్ల నడుమ తోలిస్తిమి. గుల్లబారిన మన్నంతా రాత్రి వానకు వాగుల పాలాయె" అన్నాడు. కాసేపు ఆగి, "గడ్డి నిలబడె, మన్ను పాయె" అన్నాడు.

గడ్డి మందుల మీద మన జిల్లాల్లో చర్చ లేదని కాదు. నకిలీ విత్తనాలు పట్టుబడ్డప్పుడల్లా వార్త వస్తుంది. క్యాన్సర్ వస్తుందా రాదా అని వాదులాడుకుంటారు. ఎకరానికి కూలి ఎంత మిగిలిందన్న లెక్క అయితే టీ కొట్టు కాడ రోజూ నడుస్తుంది. ఆ మందు పనిచేయడం మానేసిన రోజున పొలం మన్ను ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ అడగరు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, అప్పయితే పదేళ్లకైనా తీరుతుంది. జానెడు మందం చల్క మన్ను పోతే మాత్రం కింద మిగిలేది మొరం. అందుకే ఈ వారం కలుపు కంటే మన్ను గురించే ఎక్కువ రాస్తున్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలయ్యాయి గానీ నేలల తీరు చూస్తే ఇప్పటికీ పాత పాలమూరే. అలంపూర్, మానవపాడు దిక్కు నల్లరేగడి. మిగతా చోట్ల ఎక్కువ భాగం ఎర్ర చల్క, దుబ్బ నేలలు. పైమన్ను పలుచన, వాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. వానా సమంగా పడదు. నెల రోజులు మబ్బు మొహం చూపించదు, పడ్డనాడు ఒక్క గంటలో కుండపోత. ఆ గంటలో నేల మీద ఏదో ఒక కప్పు ఉండాలి. ఆకో, అలమో, చివరికి ఎండిన గడ్డో. లేదా వాలుకు అడ్డంగా సాలైనా ఉండాలి. రెండూ లేకపోతే ఆ పొద్దు చూసిన చేను లాగే అవుతుంది.

గడ్డి మందు మన చేలలోకి ఎట్లా వచ్చిందో అందరికీ తెలుసు. ఎకరం పత్తిలో కలుపు తీయాలంటే ఎనిమిది, పది మంది ఆడవాళ్లు కావాలి. అదే వారం ఊరంతటికీ కావాలి. ముసురు పట్టి వారం పది రోజులు చేలో అడుగు పెట్టనీయకపోతే గడ్డి పత్తిని మింగేస్తుంది. ఎద్దులు కరువయ్యాయి. జత ఎద్దులను ఏడాది పొడుగునా మేపాలంటే ఇంట్లో ఒక మనిషి దానికే పోవాలి. ఆ మనిషి హైదరాబాద్‌లోనో బొంబాయిలోనో ఉన్నాడు. ఇట్లాంటి పరిస్థితిలో ఒక డబ్బా మందుతో రెండెకరాల గడ్డి మాడిపోతుందంటే ఏ రైతు వద్దంటాడు? రైతును తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పైగా, పదేళ్ల కింద నేనే ఇట్లాంటి పేజీలో "కలుపు మందుతో కూలి ఖర్చుకు కళ్లెం" అని రాశాను. ఆ ముక్క రాసినందుకు నలుగురు మెచ్చుకున్నారు కూడా. అందులో రాయనిది ఒక్కటే, ఒకే మందును ఏటేటా కొడితే ఏమవుతుందన్నది.

దానికి తోడు గడ్డి మందుకు చావని పత్తి వచ్చింది. మన దగ్గర "బీజీ-3" అంటారు, "గడ్డి మందు పత్తి" అని కూడా అంటారు. బీజీ-3 అనే అనుమతి పొందిన రకం ఏదీ లేదు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో, రెండు జన్యువులున్న బీజీ-2కు 2006లో అనుమతి వచ్చింది. గ్లైఫోసేట్‌ను తట్టుకునే పత్తి కోసం పెట్టుకున్న దరఖాస్తును మహికో కంపెనీ 2016లో తానే వెనక్కి తీసుకుంది. అయినా విత్తనం దొంగదారిన వచ్చేసింది. కేంద్రం 2017లో వేసిన పరిశీలన కమిటీ మహారాష్ట్ర, గుజరాత్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పత్తి విస్తీర్ణంలో సుమారు 15 శాతం ఇదే ఉందని తేల్చింది. నడిగడ్డ సంగతి మరీ విడ్డూరం. ఆడ పువ్వుకు మగ పువ్వు చేత్తో అద్ది దేశానికి పత్తి విత్తనం పండించి ఇచ్చే సీమ ఇది. ఇక్కడి రైతే పేరు లేని, బిల్లు లేని లూజు విత్తనం కొంటున్నాడు.

గ్లైఫోసేట్ సంగతీ అంతే. మన దేశంలో దానికి ఉన్న సిఫారసు తేయాకు తోటలకు, పంట లేని జాగాలకు. నిలిచి ఉన్న పత్తి మీద కొట్టమని ఏ డబ్బా మీదా రాయలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, చీడల నివారణ లైసెన్సు ఉన్న ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. మా మండలాల్లో అట్లాంటి ఆపరేటర్ వచ్చి ఒక చేలో మందు కొట్టగా నేను చూడలేదు. మందు కొట్టే పంపు మాత్రం ఇంటికొకటి ఉంది.

మందు ఏరుతుంది

మందు కొడితే గడ్డికి అలవాటు పడుతుందని రైతులు అంటారు. మనిషికి కల్లు అలవాటైనట్టు గడ్డికి మందు అలవాటు కాదు. జరిగేది వేరే. లక్ష మొక్కల్లో ఏదో ఒకటి పుట్టుకతోనే ఆ మందును తట్టుకునేది ఉంటుంది. మందు మిగతా వాటిని చంపుతుంది, దాన్ని వదిలేస్తుంది. చుట్టూ పోటీ లేదు. ఎరువు, నీరు, ఎండ అన్నీ దానివే. ఏపుగా పెరిగి విత్తు రాలుస్తుంది. మరుసటి ఏడు అదే మందు కొడితే అదే జాతి మిగులుతుంది. నాలుగైదేళ్లు అట్లనే నడిస్తే చేనంతా దాని సంతానమే.

పత్తి రైతుకు ఇది కొత్త పాఠం కాదు. గులాబీ రంగు పురుగును చూడండి. బీజీ-2 వేస్తే పురుగే రాదన్నారు. 2014, 2015 నాటికే గుజరాత్‌లో బీజీ-2 కాయల్లో పురుగు బతికి కనబడింది. ఆ వెంటనే మన దగ్గరకూ వచ్చింది. ఇప్పుడు లింగాకర్షక బుట్టలు కట్టని చేను లేదు. పురుగు చేసిన పనినే గడ్డి కూడా చేస్తుంది.

ఇందులోనే ఇంకో రకం మార్పు ఉంది. దాన్ని మన కళ్లతో చూస్తున్నాం. కొన్ని గడ్డి జాతులు మొదటి నుంచే ఈ మందులకు అంతగా లొంగవు. వెన్నదేవికి గ్లైఫోసేట్ సరిగా పనిచేయదు. ట్రాక్టరుతో తెగ్గొడితే తడి నేలలో తెగిన ప్రతి ముక్కా కణుపు దగ్గర వేరూని మళ్లీ మొక్కవుతుంది. తుంగకు పైన ఆకు మాడినా కింద గడ్డ బతుకుతుంది. ఇక గునుగు లాంటి మెత్తని కలుపు మాత్రం సులువుగా పోతుంది. బతుకమ్మ పండుగకు గునుగు పూలు దొరకడం లేదని మా ఊరి ఆడబిడ్డలు ఏటా గొణుగుతారు. వెనకట పత్తి, ఆముదం, పల్లి చేల గట్ల మీద అడిగినంత గునుగు. మెత్తది పోయి మొండిది మిగిలింది. పీకడానికి సులువైనది, మేకకు పనికొచ్చేది పోయింది. పీకినా తెగినా మళ్లీ లేచేది మిగిలింది.

మనకంటే ముందు కాలిన చేతులు

ముప్ఫై ఏళ్ల కింద హర్యానా రైతులు ఈ దెబ్బ తిన్నారు. గోధుమ చేలల్లో గుల్లీ డండా అనే గడ్డి. చిన్నప్పుడు చూస్తే గోధుమకూ దానికీ తేడా తెలియదు. ఐసోప్రొట్యురాన్ అనే ఒకే మందును పది, పదిహేనేళ్లు కొట్టారు. 1990ల మొదట్లో అది పనిచేయడం మానేసింది. డోసు పెంచారు, రెండు సార్లు కొట్టారు, అయినా గడ్డిదే పైచేయి. కొందరు రైతులు కంకి పట్టక ముందే పచ్చి గోధుమను పశువుల మేతకు కోసేశారు. మందులో కల్తీ ఉందని మొదట అందరూ డీలర్లతో తగాదా పడ్డారు. కాదు, గడ్డే మొండిబడిందని హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆర్.కె. మాలిక్, సముందర్ సింగ్ తేల్చారు. మన దేశంలో కలుపు మందుకు లొంగని గడ్డిని గట్టిగా నిరూపించిన మొదటి ఉదంతం అదే.

ఆ తర్వాత అక్కడ జరిగింది మనం జాగ్రత్తగా వినాలి. గడ్డి మొండిబడిందని ఇంకో రెండు సాళ్లు దున్నలేదు వాళ్లు. వరి కోసిన నేలను కదిలించకుండా నేరుగా గోధుమ విత్తే పద్ధతిని తెచ్చారు. నేలను కదిలించకపోతే గుల్లీ డండా తక్కువ మొలుస్తుంది. మందులు మార్చారు, పంట మార్చారు, దున్నడం తగ్గించారు. కొత్త మందులకు కూడా ఆ గడ్డి తర్వాత తర్వాత లొంగకుండా పోయింది, అది వేరే సంగతి. కానీ కలుపు మొండికేస్తే నేలను పిండి చేయడం ఒక్కటే దారి కాదని మాత్రం అక్కడ రుజువైంది.

అమెరికాలో ఇది తలకిందులుగా జరిగింది. ఆ దేశం 1930లలో దుమ్ము తుఫానులు చూసింది. దున్ని దున్ని గుల్ల చేసిన నేల గాలికి లేచి ఆకాశం నల్లబడింది. ఆ దెబ్బతో నేల కాపాడుకోవాలన్న బుద్ధి పుట్టింది. దున్నకుండా, పాత పంట మొదళ్లను అట్లనే నేల మీద ఉంచి విత్తే సేద్యం మెల్లగా పెరిగింది. గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా 1996లో, పత్తి 1997లో వచ్చాక ఆ సేద్యానికి రెక్కలొచ్చాయి. నాగలితో చంపాల్సిన గడ్డిని మందుతో చంపారు. మన్ను మిగిలింది. ఆ మాటకొస్తే గడ్డి మందు అక్కడ నేలకు మేలే చేసింది. అది ఒప్పుకోవాలి.

అంతా ఒకే మందు మీద నిలబెట్టారు, అక్కడే దెబ్బ తిన్నారు. 2004, 2005 నాటికి జార్జియా రాష్ట్రం పత్తి చేలలో పామర్ అమరాంత్ అనే మొక్క గ్లైఫోసేట్‌కు చావడం మానేసింది. అది మన తోటకూరకు దాయాది. కాకపోతే మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, ఒక్కో మొక్క లక్షల్లో విత్తు రాలుస్తుంది. చేత్తో కలుపు తీయడం దాదాపు మరిచిపోయిన ఆ రాష్ట్రంలో, కొన్నేళ్లలోనే సగం పత్తి విస్తీర్ణంలో మనుషులు దిగి చేత్తో పీకాల్సి వచ్చింది. అది చాలక మూల పడేసిన రెక్క నాగళ్లను మళ్లీ బయటికి తీశారు. విత్తు లోతుకు పోతే మొలవదని మన్నును బోర్లించి దున్నారు. ఏళ్ల తరబడి కదిలించకుండా కాపాడిన నేల ఒక్క సాలుతో మళ్లీ గుల్లయింది. అక్కడి కౌన్సిల్ ఫర్ అగ్రికల్చరల్ సైన్స్ అండ్ టెక్నాలజీ అనే సంస్థ 2012లో ఇదే విషయం మీద ఒక పత్రం అచ్చు వేసింది. మందుకు లొంగని గడ్డి వల్ల నేల సంరక్షణలో సాధించినదంతా పోయే ప్రమాదం ఉందన్నది దాని సారాంశం.

ఇక్కడి తిరకాసు

జార్జియా కథ మనకు అచ్చంగా వర్తించదు. మనం చల్క నేలల్లో దున్నకుండా సేద్యం చేసిందెప్పుడు? గుంటూరు, కృష్ణా జిల్లాల మాగాణుల్లో వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి ఉంది. అది పూర్తిగా కలుపు మందు మీదే నిలబడ్డ సేద్యం, గడ్డి మొండికేస్తే వాళ్లకు జార్జియా గతే. మన దగ్గర గడ్డి మందు నాగలిని మాన్పించలేదు. విత్తే ముందు రోటావేటర్ ఎప్పటిలాగే తిరుగుతోంది. మందు మాన్పించింది మూడింటిని. గుంటక, అంతర పంట, కలుపు తీసే చేయి. ఈ మూడూ నేలను కాపాడేవే.

గుంటక సంగతి చూడండి. ఎద్దుల గుంటక పైపైన రెండంగుళాలు గీరుతుంది. గడ్డి మొదలు కోస్తుంది, పగుళ్లు పూడుస్తుంది, తేమ నిలుపుతుంది. వాలుకు అడ్డంగా తోలితే ప్రతి సాలూ ఒక చిన్న కట్ట. ఎద్దులను ఎటు తిప్పినా తిరుగుతాయి. ట్రాక్టరు మడక మీద తిరగడానికి జాగా కావాలి, డీజిల్ మిగలాలి, కాబట్టి పొడుగున్న దిక్కుకే పోతుంది. చేను పొడుగు వాలు వెంట ఉంటే సాలూ వాలు వెంటే. వాన నీటికి మనమే కాలువలు తీసి ఇచ్చినట్టు. రోటావేటర్ మన్నును పిండి చేస్తుంది, కింద గట్టి పొర వేస్తుంది. పై పిండి కొట్టుకుపోతుంది, కింది పొరలోకి నీరు దిగదు.

అంతర పంట పోవడం ఇంకా పెద్ద నష్టం. పత్తిలో నాలుగు సాళ్లకో ఆరు సాళ్లకో ఒక కంది సాలు పెట్టమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతూ వచ్చింది. మా తాతలు విశ్వవిద్యాలయం చెప్పకముందే పెట్టారు. నడుమ పెసర, అలసంద చల్లేవారు. పత్తి మొదటి రెండు నెలలు నేలను కప్పలేదు, సాళ్ల మధ్య అంతా బోడిగా ఉంటుంది. సరిగ్గా ఆ రెండు నెలలే జడివానలు. ఆ జాగాను అలసంద తీగ కప్పేది, వానచినుకును ఆపేది, గడ్డిని మొలవనిచ్చేది కాదు. గడ్డి మందు పత్తి వేసిన రైతు పైనుంచి గ్లైఫోసేట్ కొడతాడు. కంది చస్తుంది, అలసంద చస్తుంది. కాబట్టి పెట్టడు. పక్క చేలో మిరప, ఆముదం ఉంటే గాలికి వాటి మీదా పడుతుంది, అది ఇంకో తగాదా. నేలంతా పత్తి, పత్తికి పత్తికి మధ్య బోడి నేల. మందు పనిచేసినన్నాళ్లు మాడిన గడ్డైనా కొంత కప్పుతుంది. పనిచేయడం మానేసిన ఏడు కప్పు ఉండదు, ఎద్దులుండవు, కూలీలు దొరకరు. మిగిలింది ట్రాక్టరు. మల్దకల్ దారిలో నేను చూసింది అదే.

మన్ను లెక్క ఒకసారి వేద్దాం. ఎకరం నేలలో ఒక్క మిల్లీమీటరు మందం, అంటే చేతి గోరు మందం మన్ను పోయిందనుకోండి. నాలుగు ఘనపు మీటర్లు. తూకం వేస్తే అయిదారు టన్నులు, రెండు ట్రాక్టరు ట్రాలీలు. పోయినట్టు కంటికి కూడా కనబడదు. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేసిన లెక్కలో దేశం మొత్తం మీద ఏటా 533 కోట్ల టన్నుల మన్ను కదిలిపోతోందని, హెక్టారుకు సగటున 16 టన్నుల పైన పడుతుందని తేలింది. అంటే ఎకరాకు ఏడాదికి ఆ రెండు ట్రాలీలే. చెరువు మట్టి ఒక ట్రాలీ పొలానికి తోలుకోవడానికి 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఊళ్లలో ఎంత పోటీ పడ్డామో గుర్తు చేసుకోండి. ఆ మట్టి ఎక్కడిది? మన పై చేల నుంచి కొట్టుకొచ్చిందే.

చెరువు దాటిన మన్ను కృష్ణలోకి, తుంగభద్రలోకి పోతుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీల నీరు పట్టేది. పూడిక పడి ఇప్పుడు 215 టీఎంసీలకు దిగింది. తుంగభద్ర 133 నుంచి 105 దగ్గరికి వచ్చింది. ఆ పూడికంతా మన మూడు జిల్లాలదని నేననను. పైన కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చేదే ఎక్కువ. కానీ జూరాల, శ్రీశైలం నీళ్ల మీదే నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు నడుస్తున్నాయి. నీళ్ల వాటా కోసం ధర్నాలు చేసేది మనమే, ఆ నీళ్ల జాగాను మన్నుతో పూడ్చే వాళ్లలోనూ మనం ఉన్నాం.

వనపర్తి దిక్కు కథ కాస్త వేరు. కాలువ నీళ్లొచ్చాక వరి పెరిగింది. నాట్లకు కూలీలు లేక వెదజల్లే పద్ధతి, డ్రమ్ సీడర్ వచ్చాయి. నీళ్లు నిలబెట్టని మడిలో వరితో పాటే ఊద, తుంగ మొలుస్తాయి. అందరిదీ ఒకే మందు, బిస్పైరిబాక్ సోడియం. ఛత్తీస్‌గఢ్, కేరళ వరి పొలాల్లో ఆ మందుకు చావని తుంగ జాతిని శాస్త్రవేత్తలు ఇప్పటికే గుర్తించారు. వరి మడి చదునుగా ఉంటుంది కాబట్టి మన్ను కొట్టుకుపోయే భయం తక్కువ. కానీ మడిలో గడ్డి మొండికేస్తే రైతు మళ్లీ దమ్ముకే పోతాడు, నీళ్లు మళ్లీ రెట్టింపు. ఇది వేరే వ్యాసానికి సరిపడా సంగతి.

కలుపు తీసే వాళ్ల మాట కూడా చెప్పాలి. బిజినేపల్లి దగ్గర ఒక పల్లి చేలో కలుపు తీస్తున్న అక్కను అడిగాను, గడ్డి మందు వచ్చాక మీకు పని తగ్గిందా అని. "తగ్గింది, పెరిగింది రెండూ అన్నా. ఇదివరకు నెలంత పని ఉండె. ఇప్పుడు మందుకు సావంది పీకనీకే పిలుస్తరు. అది చేతికి రాదు, గడ్డపార కావాలె. కూలి మాత్రం అదే" అన్నది. మొండి గడ్డి భారం చివరికి ఎవరి నడుము మీద పడుతుందో ఆమెకు తెలుసు. మందు కొట్టిన మర్నాడే చేలోకి దింపుతున్నారని, చేతులు మండుతున్నాయని కూడా చెప్పింది.

ఏం చేద్దాం మరి?

గడ్డి మందులు మొత్తం మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. కూలీల లెక్క తెలిసినవాడెవడూ ఆ మాట అనడు. ఒక్క మందునే నమ్ముకోవద్దన్నది నా మాట. అనుమతి ఉన్న పత్తిలో విత్తిన ఒకటి రెండు రోజుల్లో తడి నేల మీద పెండిమిథాలిన్ కొట్టి, ఇరవై, ఇరవై అయిదు రోజులకు గడ్డి జాతికి ఒకటి, వెడల్పు ఆకు జాతికి ఒకటి మందులు ఉన్నాయి. అవి పత్తిని చంపవు. ఏది ఎంత అన్నది డీలర్‌ను కాదు, రైతు వేదికలో ఏఈఓను అడగండి. పోయిన ఏడు కొట్టిన మందూ, ఈ ఏడు కొట్టేదీ ఒకే తీరుగా పనిచేసేవా అని కూడా అడగండి. డబ్బా మీద పేరు మారినంత మాత్రాన లోపల మందు మారినట్టు కాదు. అంతర పంట పెట్టే వాళ్లు ఆ పంటకు పనికొస్తుందా అని తప్పక అడిగి తెలుసుకోవాలి.

దానికంటే ముందు చేయాల్సింది పైసా ఖర్చు లేనిది. మందు కొట్టిన పదిహేను రోజులకు చేనంతా ఒక్కసారి తిరగండి. పక్కదంతా మాడి, నడుమ ఒక మొక్క పచ్చగా నిలబడి ఉందా? నాజిల్ మిస్సయిందా, వాన కడిగేసిందా చూసుకోండి. అవేవీ కాకపోతే అది పూత పట్టక ముందే పీకి గట్టు దాటించండి. ఎకరాకు ఇరవై మొక్కలున్నప్పుడు ఒక పూట పని. రెండేళ్లు ఆగితే ట్రాక్టరు పని. చావలేదని డోసు పెంచి మళ్లీ అదే కొట్టడం మాత్రం హర్యానా వాళ్లు చేసి చూసిన పనే.

మన్ను వైపు నుంచి చూస్తే, దున్నక తప్పదనుకుంటే వాలుకు అడ్డంగా దున్నించండి. ట్రాక్టరు అబ్బాయి గంటకు గంటన్నర అడుగుతాడు, ఇవ్వండి. ప్రతి నాలుగైదు సాళ్లకు ఒక లోతు సాలు తీస్తే వాన నీరు అందులో ఆగుతుంది. హైదరాబాద్‌లోని మెట్ట సేద్య పరిశోధన సంస్థ, అదే క్రీడా, ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఇది. గట్ల మీద గడ్డిని మందుతో మాడ్చకండి. చేలో గడ్డి శత్రువు గానీ గట్టు మీది గడ్డి కావలి మనిషి. ఉపాధి హామీ పనుల్లో వేసిన మట్టి గట్లు ఎన్నో, పైన గరిక కూడా లేకుండా మందు కొట్టినందుకే రెండు వానలకు జారిపోయాయి. పత్తి కట్టెకు నిప్పు పెట్టకుండా ముక్కలు చేసి నేల మీద పరచగలిగితే ఇంకా మంచిది. కాకపోతే గులాబీ పురుగు ఉన్న చేలో కట్టెను నిలబెట్టి వదలకూడదు, అది మరవొద్దు.

సర్కారుకు చెప్పేది ఒకటుంది. ట్రాక్టర్లకు, రోటావేటర్లకు సబ్సిడీలు చూశాం. జత ఎద్దులను ఇంకా నిలుపుకున్న రైతుకు ఏం చేశాం? ఊరికి రెండు జతలున్నా పది ఇళ్లకు గుంటక తోలుతాయి. రెండోది, నాగర్‌కర్నూల్ జిల్లాలోనే పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మందుకు చావలేదని రైతు చెప్పిన గడ్డి విత్తును మూడు జిల్లాల నుంచి తెప్పించి, కుండీల్లో మొలిపించి, ఒక డోసు, రెండు డోసులు, నాలుగు డోసులు కొట్టి చూడాలి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఏ ఊళ్లో ఏ గడ్డి ఏ మందుకు లొంగడం లేదో వానాకాలానికి ముందే తెలుగులో అచ్చు వేసి రైతు వేదికల గోడకు అంటించాలి. పోలీసులు విత్తన సంచులు పట్టుకున్న ఫొటోలు ఏటా వేస్తున్నాం. ఈ పట్టిక ఒక్క ఏడైనా వేయనీయండి.

మల్దకల్ పెద్దాయనను వారం తర్వాత మళ్లీ కలిశాను. ట్రాక్టరు వాడిని బతిమాలి మిట్ట నుంచి వాగు దాకా మూడు చోట్ల అడ్డ కట్టలు వేయించాడు. వెన్నదేవిని ఇంటిల్లిపాదీ పీకి గట్టు మీద కుప్ప పోశారు, మేకలు తింటున్నాయి. వచ్చే ఏడు నడుమ కంది సాళ్లు పెడతానన్నాడు. మరి పత్తి ఏ విత్తనం వేస్తావు పెద్దాయనా అని అడిగాను. నవ్విండు గానీ చెప్పలేదు.